తవుడు సీమలో గుర్రం

సూర్యాపేట దాటగానే హైవే పక్క సర్వీసు రోడ్డులో సగం వడ్లదే. ఆరబోసిన ధాన్యం చుట్టూ రాళ్ళు పేర్చి, రాత్రిపూట లారీలవాళ్ళకు కనబడేలా ఎండుకొమ్మలు నిలబెట్టి, పక్కన పట్టాల మీద రైతులు కాపలా కూర్చున్నారు. కార్తీకం నడుస్తోంది. ఒక పక్క కోతలు, ఇంకో పక్క రాబోయే పెళ్ళి ముహూర్తాలు. ఈ రెండింటి మధ్య ఇరుక్కున్న ఒక ఆడ గుర్రాన్ని చూడటానికి ఇద్దరు త్రిపురారం బయల్దేరారు. ఆయన పశుసంవర్ధక శాఖలో రిటైరైన డాక్టరు, ఆమె పత్రికలకు రాసే మేనకోడలు. గుర్రం ఉన్నది బరాత్‌లకు కిరాయికిచ్చే ఒక కుర్రాడి దగ్గర. ఫోన్లో అతను అడిగింది ఒక్కటే: "పెండ్లిళ్లు మొదలయ్యే యాల్లకు కండ పట్టాలె సార్, ఏం పెట్టమంటరు?"

డాక్టరు జాబితా ఏమీ చదవలేదు. "నేను వచ్చేదాకా కొత్తగా ఏం పెట్టకు. నీళ్ళు మాత్రం ఎప్పుడూ ముందరుండాలె" అన్నాడు, అంతే.

సూర్యాపేట నుంచి త్రిపురారానికి కోదాడ మీదుగా పోవడం చుట్టుదారి. కోదాడ పక్క ఊళ్ళో పాడి రైతొకాయన లూసర్న్ గడ్డి వేశాడని, కోసి ఎండబెట్టిన మోపులు ఇస్తానన్నాడని తెలిసి ఆ దారి పట్టారు. ఉలవచారు మీద మామయ్యకున్న మమకారం కూడా అందుకు కారణమేనని మేనకోడలి అనుమానం. ఆయన ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు.

కోదాడ దారి పట్టే ముందు పిల్లలమర్రిలో కాసేపు ఆగారు. ఎరకేశ్వరాలయం 1208 నాటిది, రేచర్ల రెడ్ల కాలపు కట్టడం. నల్లరాతి స్తంభాలు ఇప్పటికీ వేలు పెడితే జారేంత నున్నగా ఉన్నాయి. ఆ రోజుల్లో కాకతీయులకైనా, దక్షిణాదిలో ఏ రాజుకైనా మంచి గుర్రం కావాలంటే అరేబియా నుంచో పారశీకం నుంచో ఓడలో రావలసిందే. రుద్రమదేవి పాలనను మెచ్చుకుంటూ రాసిన మార్కోపోలో, దక్షిణాన పాండ్యుల వైపు గుర్రాల గతి గురించి మాత్రం ముక్కుమీద వేలేసుకున్నాడు. అక్కడి రాజులు ఏటా వేల గుర్రాలు కొంటారట, ఏడాది తిరిగేసరికి చాలా కొద్దే మిగులుతాయట. కారణాలు కూడా ఆయనే రాశాడు. వాటికి ఉడికించిన అన్నం, మాంసం పెడతారు, వాటిని చూసుకోవడం తెలిసినవాళ్ళు లేరు, గిట్టలు చూసే పనివాళ్ళను వర్తకులు రానివ్వరు, వస్తే తమ సరుకు అమ్ముడుపోవడం తగ్గిపోతుందని. యాత్రికుల మాటల్లో అతిశయోక్తి పాలు ఎప్పుడూ ఉంటుంది. కానీ వరి పండే నేల మీద గుర్రం ఎందుకు నిలవదనే ప్రశ్న ఏడు వందల ఏళ్ళ కిందటే ఒక పరదేశికి తట్టిందన్నమాట.

హైవే మీద మాటలు జబల్‌పూర్ గుర్రాల మీదికి మళ్ళాయి. 2025 ఏప్రిల్ చివర, మే మొదట్లో హైదరాబాదు నుంచి 57 గుర్రాలను మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ జిల్లా రాయ్‌పురా అనే ఊరికి తరలించారు. నడి వేసవి, వందల కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం. మే రెండో వారంలోనే ఎనిమిది చచ్చిపోయాయి. గ్లాండర్స్ అనే అంటువ్యాధి అనుమానంతో నెత్తుటి నమూనాలను హర్యానాలో హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపారు. వ్యవహారం హైకోర్టు దాకా పోయింది. తప్పెవరిదో తేల్చడం కోర్టుల పని. పేపర్లలో వచ్చిన ఫొటోలు చూసిన డాక్టరుకు మాత్రం వేరే సంగతి మనసులో పడింది. గుర్రాలు అంత చిక్కిపోయాక వాటికి సాయం చేయడానికి వచ్చినవాళ్ళకు కూడా ఎలా సాయం చేయాలో తెలిసుండాలి. బర్రెలకు, మేకలకు, కోళ్ళకు మన ఊళ్ళలో వైద్యం తెలిసిన చేతులున్నాయి. తెలంగాణలో 1962కు ఫోన్ చేస్తే పశువైద్య వాహనం ఊళ్ళోకొస్తుంది. కానీ అందులోని డాక్టరు రోజూ చూసే పశువుల్లో గుర్రం ఎన్నిసార్లు ఉంటుంది?

ఉండే గుర్రాలే తగ్గిపోయాయి. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద గుర్రాలు, పోనీలు ఆరు లక్షల పైచిలుకు. 2019కి అవి 3.4 లక్షలు. జట్కాలు పోయాయి, టాంగాలు పోయాయి. మిగిలినవాటిలో చాలా భాగం ఇటుక బట్టీల దగ్గర, కొండదారుల్లో బరువులు మోస్తున్నాయి. మన వైపు మాత్రం పెళ్ళికొడుకును మోస్తున్నాయి.

కోదాడలో భోజనానికి కూర్చున్నారు. ఈ ఊరికి ఆ పక్కన ఆంధ్ర, మాటలో రెండు యాసలూ కలుస్తాయి. వడ్డించే పెద్దాయన "ఇంకొంచెం పొయ్యమంటారా" అని అడుగుతూనే, జవాబు రాకముందే ఉలవచారు పోసేశాడు. పైన మీగడ. చిక్కగా, పొగచూరిన వాసనతో, నాలుక మీద వగరు నిలిచేలా ఉంది. కృష్ణా జిల్లాలో ఎద్దులకు ఉలవలు ఉడకబెట్టి, వార్చిన నీళ్ళను మనుషులు చారు కాచుకున్నారు. ఇప్పుడు ఎద్దులు లేవు, చారు మటుకు స్టార్ హోటళ్ళ దాకా ఎక్కింది. జట్కా గుర్రానికీ, పటాలపు గుర్రానికీ ఒకప్పుడు నానబెట్టి ఉడికించిన ఉలవలే దాణా. అందులో మాంసకృత్తులు ఐదో వంతుకు పైనే ఉంటాయి. ఇప్పుడు ఉలవలు మనుషులకే ఖరీదు.

"ఇవ్వాళ మనం చూడబోయే గుర్రానికి ఉలవలు పెడతారా మామయ్యా?"

"ఇప్పుడే కాదు. ఇప్పుడు పెడితే చంపినట్టే" అన్నాడాయన, చారు అన్నం కలుపుకుంటూ.

లూసర్న్ మోపులు వెనక సీటులో పడ్డాక కారంతా టీపొడి డబ్బా మూత తీసినట్టు వాసన. ఇచ్చిన రైతు డబ్బులు తీసుకోవడానికి మొహమాటపడ్డాడు. గుర్రానికని తెలిశాక, "గుర్రానికా?" అని నవ్వి, ఇంకో మోపు వేశాడు. ఊరి చివర సుబాబుల్ తోట కనబడితే, ఆ ఆకు కూడా కోసుకుపోదామా, ఇదీ పప్పుజాతిదేగా అని ఆమె అడిగింది. పేపరు మిల్లుల కోసం ఈ సరిహద్దు ఊళ్ళలో, ఆ పక్క జగ్గయ్యపేట, నందిగామ వైపు ఎకరాలకెకరాలు సుబాబుల్ వేశారు. మేకలకు మంచి మేతే. గుర్రానికి పెడితే అందులోని మైమోసిన్ అనే పదార్థం వల్ల జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి. "పెళ్ళి గుర్రానికి జూలు పోతే పెళ్ళికొడుకుకంటే ముందు కుర్రాడు ఏడుస్తాడు" అన్నాడు డాక్టరు.

హుజూర్‌నగర్ దాకా దారి పక్కన సిమెంటు లారీలు. మేళ్ళచెరువు, మఠంపల్లి వైపంతా సున్నపురాయి నేల. అది దాటితే మళ్ళీ వరి.

మిర్యాలగూడ ఇంకా కొంత దూరం ఉందనగానే వాసన తెలిసింది. ఉడికిన వడ్ల వాసన, తడి గోనె వాసన, పొట్టు కాలిన పొగ. వడ్ల ట్రాక్టర్లు మిల్లుల ముందు రోడ్డు మీద బారులు తీరి ఉన్నాయి. కొందరు డ్రైవర్లు ట్రక్కుల నీడలోనే వండుకుంటున్నారు. ఉప్పుడు బియ్యానికి ఈ ఊరు దేశమంతా పేరుపడింది. బాయిలర్ల గొట్టాల్లోంచి వచ్చే నల్లటి నుసి ఇళ్ళ మీద ఆరేసిన బట్టల మీద వాలుతుంది. ఊరివాళ్ళు దాన్ని దులిపేసుకుని పోతారు, దాని గురించి మాట్లాడరు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో నెహ్రూ పునాదిరాయి వేశాడు, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలింది. ఎడమ కాలువ నీళ్ళు రాకముందు ఇదంతా జొన్న, సజ్జ, ఉలవ పండే మెట్ట. ఎండిన జొన్న చొప్ప, చేనుగట్ల మీద గరిక, గాదెలో ఉలవలు. గుర్రానికి కావలసినవన్నీ కరువు నేలలో ఉండేవి. నీళ్ళొచ్చి నేల పచ్చబడ్డాక గుర్రానికి తినేది తగ్గిపోయింది. ఇది కాలువను తప్పుపట్టే మాట కాదు. ఆ నీళ్ళకు ముందు ఇక్కడి మనుషులకే అన్నం లేదు.

మిల్లుల ఊళ్ళో చవగ్గా దొరికేది తవుడు. నూనె తీసే ఫ్యాక్టరీలు ఎంత కొన్నా ఇంకా మిగులుతుంది. బర్రె ఉన్న ప్రతి ఇంటికీ ఒక తవుడు బస్తా. దాంతో గుర్రానికి వచ్చే చిక్కు చాలామందికి తెలియదు. తవుడులో ఫాస్ఫరస్ కాల్షియం కంటే పది రెట్లకు పైగా ఉంటుంది. గుర్రానికి కావలసింది దీనికి తిరగేసిన లెక్క: కాల్షియం ఫాస్ఫరస్‌తో సమానంగానైనా ఉండాలి, ఎక్కువుంటే ఇంకా మంచిది. ఎక్కువైన ఫాస్ఫరస్ కాల్షియాన్ని ఒంటబట్టనివ్వదు. నెత్తుట్లో కొరత పడిన కాల్షియాన్ని ఒళ్ళు ఎముకల్లోంచి లాక్కుంటుంది. దవడ ఎముకలు డొల్లపడి, ఆ ఖాళీలో నారలాంటి కణజాలం పెరిగి ముఖం ఉబ్బుతుంది. కుంటుతుంది. ఐరోపాలో పిండిమరల వాళ్ళ గుర్రాలకు తవుడు ఊరికే దొరికేది కాబట్టి ఈ జబ్బు వాటిలోనే ఎక్కువ కనబడేది. మిర్యాలగూడ మిల్లర్లకు గుర్రాలు లేకపోవడం ఒక లెక్కన గుర్రాల అదృష్టం. తవుడుకు తోడు చిటికెడు సున్నపురాయి పొడి కలిపినా కొంత నయమే. ఆ రాయి వచ్చిన దారిలో కొండలుగా ఉంది, తవుడు ఇక్కడ గుట్టలుగా ఉంది, రెండింటినీ కలిపే మాట చెప్పేవాళ్ళే లేరు.

ఇక వరిగడ్డి. చూస్తే ఊరంతా గడ్డివాములే. దాంట్లో మాంసకృత్తులు నూటికి నాలుగు పాళ్ళకు అటూ ఇటూ, ఇసుకలాంటి సిలికా ఎక్కువ. బర్రె నెమరేసి, నాలుగు అరల పొట్టలో నానబెట్టి, అందులోంచి ఏదో పిండుకుంటుంది. గుర్రానికి ఉన్నది ఒక్కటే చిన్న పొట్ట. వాంతి చేసుకోలేదు. రోజుకు పదహారు గంటలు కొంచెం కొంచెంగా మేస్తూ ఉండేలా పుట్టిన జంతువు అది. వరిగడ్డి ఒక్కటే పెడితే పేగుల్లో గడ్డకట్టి కడుపునొప్పితో పొర్లే ప్రమాదం ఉంది.

త్రిపురారం మండలంలోకి దిగాక కంపాసాగర్ వస్తుంది. అక్కడ వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధన కేంద్రం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. చుట్టుపక్కల రైతులు వరి విత్తనం గురించి అడగడానికి పోయే చోటు. కాలువ గట్టు వెంట ఇంకొంచెం పోతే ఆ కుర్రాడి ఇల్లు. రేకుల కొట్టం, పక్కన పూలు వెలిసిపోయిన పెళ్ళి రథం, దాని మీద ఆరేసిన జరీ జీను.

గుర్రం తెలుపు. తెలుపు గుర్రానికే పెళ్ళిళ్ళలో గిరాకీ. నాందేడ్ జిల్లా మాళేగావ్ ఖండోబా జాతరలో కొన్నాడట. చూడగానే మేనకోడలు ఒక అడుగు వెనక్కి వేసింది. పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. వెన్నుపూసలు వరసగా పైకి లేచి ఉన్నాయి, తోక మొదలు రెండు పక్కలా గుంటలు. డాక్టరు మాట్లాడకుండా మెడ మీద, భుజం వెనక, పక్కటెముకల మీద, నడుము మీద, తోక మొదట్లో అరచేయి పెట్టి నొక్కుతూ పోయాడు. 1983లో టెక్సాస్‌లో హెనెకె అనే ఆయన తయారుచేసిన కొలబద్ద ఇదే. ఒకటి నుంచి తొమ్మిది దాకా మార్కులు. ఐదు మంచిది. ఈ గుర్రానికి ఆయన రెండు వేశాడు. తర్వాత దర్జీ టేపు తీశాడు. ఛాతీ చుట్టుకొలత 142 సెంటీమీటర్లు, భుజం కొన నుంచి పిరుదు కొనదాకా 140. చుట్టుకొలతను దాంతోనే గుణించి, మళ్ళీ పొడవుతో గుణించి, 11,877తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. మేనకోడలు ఫోన్లో లెక్క కట్టింది: 238. ఈ ఎత్తు గుర్రం మూడు వందలు దాటాలి.

"ఏం పెడ్తున్నవ్ దీనికి?"

"తౌడు, గడ్డి సార్. సీజన్ల అయితే శెనగలు, బెల్లం గూడ పెడ్త. ఆషాఢం నుంచి ఒక్క పెండ్లి లేదు. నాకే ఎల్తలేదు, దీనికేం పెట్టాలె?"

కుర్రాడు అబద్ధం చెప్పలేదు. ముహూర్తాల క్యాలెండరు ఈ గుర్రం పక్కటెముకల మీద రాసి ఉంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం దాణా. ఆషాఢం, భాద్రపదం, మూఢాలు పస్తు. రథం తోలేవాడి పిల్లల కంచాల్లోనూ ఇదే క్యాలెండరు కాస్త మెత్తగా నడుస్తుంది. క్రూరత్వం అని పేరు పెట్టేసి వెళ్ళిపోవడం తేలిక. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం పశువుకు చాలినంత తిండి, నీరు పెట్టకపోవడం నేరమే. చట్టం తప్పు కాదు. కానీ కేసు పెట్టినంత మాత్రాన మేత రాదు.

నోరు తెరిపించి చూస్తే దవడ పళ్ళ అంచులు కత్తుల్లా మొలిచి బుగ్గ లోపల పుండ్లు పడ్డాయి. తొట్టిలో సగం నమిలి ఉమ్మేసిన గడ్డి ఉండలు ఉన్నాయి. పెట్టిందీ నమలలేకపోతోందన్నమాట. ఆ పళ్ళు రాపించాలి.

ఈలోగా చుట్టుపక్కల పిల్లలు చేరారు. ఒకడు అరటిపండ్లు తెచ్చాడు, ఒక పిల్ల బెల్లం ముక్క. పక్కింటి ముసలమ్మ చాయ్ తెచ్చి ఇచ్చి, "పాపం నోరులేని జీవి, గిన్ని శెనగలు పెట్టరాదుర" అని కుర్రాణ్ణి కసిరింది. డాక్టరు ఆమెకు దణ్ణం పెట్టి, పిల్లలను మాత్రం ఆపాడు. "పెట్టొద్దు బిడ్డా, ఇప్పుడు తీపి పెడితే సచ్చిపోతది." పిల్ల నమ్మలేదు. ముసలమ్మ అసలే నమ్మలేదు. ఆకలిగొన్నదానికి తిండి పెడితే ఎట్లా చస్తుంది?

మనుషుల విషయంలో కూడా ఇది వైద్యులకు బాగా తెలిసివచ్చింది రెండో ప్రపంచ యుద్ధం ముగిశాకే. శిబిరాల్లోంచి బయటపడ్డ అస్థిపంజరాల్లాంటి ఖైదీలకు జాలితో కడుపునిండా పెడితే కొందరు ప్రాణాలు విడిచారు. పస్తులున్న ఒళ్ళు ముందు కొవ్వును, తర్వాత కండను తింటుంది, గుండె కండతో సహా. ఫాస్ఫరస్, మెగ్నీషియం నిల్వలు అడుగంటుతాయి. అప్పుడు ఒక్కసారిగా పిండి, చక్కెర పడితే ఇన్సులిన్ పొంగి, నెత్తుట్లో మిగిలిన ఆ కాస్త ఖనిజాలనూ కణాల్లోకి లాగేస్తుంది. మేత మొదలుపెట్టిన మూడు నుంచి ఐదు రోజుల్లో గుండె ఆగే ప్రమాదం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో కరోలిన్ స్టల్ బృందం చిక్కిపోయిన గుర్రాలకు రకరకాల మేతలు పెట్టి చూసింది. పిండి తక్కువ, మాంసకృత్తులు, ఖనిజాలు ఎక్కువ ఉన్న లూసర్న్ ఎండుగడ్డే మేలని తేల్చింది. అదీ మొదటి మూడు రోజులు నాలుగు గంటలకోసారి అర కిలోకు తక్కువగా, రాత్రి కూడా. తర్వాత కొంచెం కొంచెం పెంచుతూ పది రోజులకు తిన్నంత. పూర్తిగా కోలుకోవడానికి ఆరు నెలలకు పైనే.

డాక్టరు ఇదంతా చెబుతుంటే కుర్రాడు తూకం గురించి విన్నాడు, రాత్రి లేవడం గురించి విన్నాడు, ఆరు నెలల దగ్గర ఆగిపోయాడు. "సార్, మార్గశిరంల నాకు బుకింగులున్నయ్. అడ్వాన్సు తీస్కున్న."

ఇక్కడ డాక్టరు ఉపన్యాసం ఇస్తాడేమో అనుకుంది మేనకోడలు. ఆయన ఇవ్వలేదు. ఎన్ని బుకింగులు, ఎంత అడ్వాన్సు, వేరే గుర్రం కిరాయికి దొరుకుతుందా, రథాన్ని గుర్రం లేకుండా ట్రాక్టరుతో లాగితే ఒప్పుకుంటారా అని ఒక్కొక్కటే అడిగాడు. మధ్యలో కుర్రాడే దారి వెతుక్కున్నాడు. హాలియాలో వాళ్ళ బావమరిదికి ఇంకో గుర్రం ఉందట, సగం సగం మాట్లాడుకోవచ్చట. పశువును బాగుచేయాలంటే ముందు దాన్ని సాకేవాడి లెక్కల్లో కూర్చోవాలని ఈ వృత్తిలో చాలా ఆలస్యంగా తెలుస్తుందని ఆయన తర్వాత కారులో అన్నాడు.

వంటింటి త్రాసు తెప్పించి లూసర్న్ తూచి పెట్టారు. గుర్రం మొదట మూతితో తోసింది, తర్వాత మెల్లగా నమిలింది. నోటి పుండ్ల వల్ల తల ఒక పక్కకు వంచి నములుతోంది. ముసలమ్మ నిలబడి చూసింది. "గింతేనా?" అని డాక్టరు మీద కోపంగా వెళ్ళిపోయింది.

మోపులు అయిపోయాక ఏం పెట్టాలి? దానికి జవాబు కాలువ గట్టు మీదే ఉంది. గుర్రానికి గరికను మించిన పచ్చిమేత మన దగ్గర లేదు. సూపర్ నేపియర్ లాంటి గడ్లలో ఆక్సలేట్లు ఎక్కువ, అవి కూడా కాల్షియాన్ని పట్టేస్తాయి. గట్టెక్కి గరిక కోసేటప్పుడు కుర్రాడు ముందు కర్రతో గడ్డిలో కొట్టాడు. కోతల రోజుల్లో పాములు గట్టు మీదికే వస్తాయి. రక్తపింజరి, కట్లపాము, నాగుపాము ఈ పొలాల్లో ఉన్నాయి. దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని ఒక అంచనా. ఎక్కువ పల్లెల్లో, వానాకాలంలో. పాము కరిచినవాళ్ళకు ఆసుపత్రిలో ఎక్కించే విరుగుడు మందు గుర్రం నెత్తుట్లోంచే వస్తుంది. కొద్దికొద్దిగా విషం ఎక్కించి, దానికి గుర్రం ఒళ్ళు తయారుచేసుకున్న విరుగుడును వడకట్టి సీసాల్లో పెడతారు. హైదరాబాదు కంపెనీలు కూడా ఆ మందు తయారుచేస్తాయి. కుర్రాడికి ఈ సంగతి కొత్త. "మా నాయ్న గట్లనే బత్కిండు సార్, మిర్యాలగూడ దవఖానల," అన్నాడు. కొడవలి ఆపి, గుర్రం వైపు ఒకసారి చూసి, మళ్ళీ కోశాడు.

తిరిగొచ్చాక ఫోన్లో కబుర్లు సాగుతున్నాయి. లద్దె గట్టిపడింది, నీళ్ళు బాగా తాగుతోంది. పళ్ళు రాపించడం అయింది. నులిపురుగుల మందు ఒళ్ళు కాస్త తేరుకున్నాకే వేశారు. టేపులో చుట్టుకొలత ఒకటి రెండు సెంటీమీటర్లు పెరిగింది, పక్కటెముకలు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. ముసలమ్మ దొంగతనంగా బెల్లం పెడుతోందని కుర్రాడి ఫిర్యాదు.

మిగిలింది గిట్టలు. బాగా పెరిగి ముందుకు సాగి, అడుగు సరిగ్గా పడటం లేదు. మిర్యాలగూడలో, కోదాడలో, సూర్యాపేటలో అడిగితే ఎద్దులకు నాడాలు కొట్టే పాతవాళ్ళు ఒకరిద్దరు దొరికారు గానీ, గుర్రం కాలు పట్టుకుంటామన్నవాళ్ళు లేరు. మార్కోపోలో చెప్పిన కొరత ఇంకా తీరలేదు. హైదరాబాదులో ఒకాయన వస్తానన్నాడు. కానీ ఒక్క గుర్రం కోసం అంతదూరం రాలేనని, ఇంకో మూడు పోగుచేస్తే వస్తానని షరతు పెట్టాడు. బావమరిది గుర్రంతో రెండయ్యాయి. ఇప్పుడు కుర్రాడు హుజూర్‌నగర్, నేరేడుచర్ల బ్యాండు మేళాల వాళ్ళకు ఫోన్లు చేసి, మీ దగ్గర గుర్రం ఉందా, దాని గిట్టలు చివరిసారి ఎప్పుడు కోయించారు అని అడుగుతున్నాడు.